ఓడినవారి వాక్కు

అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజకీయ వాఙ్మయమును గూర్చి వ్రాయువారు సాధారణముగా విజేతల యుపన్యాసములనే యుదాహరింతురు. 1863లో లింకను గెటిస్‌బర్గు శ్మశానవాటికయందు పలికిన స్వల్పవాక్యములు, 1933లో ఫ్రాంక్లిన్ రూజువెల్టు ప్రారంభించిన రేడియో ప్రసంగములు, 1961లో కెనెడీ యొక్క ప్రమాణస్వీకారోపన్యాసము పలుమాఱు చర్చింపబడినవి. ఆ యెన్నికలలో ఓడినవారు పలికిన మాటకు మాత్రము భాషావేత్తల పరిశీలనలో తగిన స్థానము లభించినట్లు కనబడదు. గెలిచినవాని యుపన్యాసము పదవికి అలంకారము. ఓడినవాని వాక్కు పదవి చేతులు మాఱుటకు ఆలంబనము. కావున రెండవదియే యెక్కువ శ్రద్ధతో పరిశీలింపదగినది.

చట్టదృష్టిలో ఈ వాక్కునకు ఎట్టి విలువయు లేదు. అమెరికా రాజ్యాంగమును బట్టి అధ్యక్షుని ఎన్నుకొనువారు రాష్ట్రములవారీగా నియమింపబడు 538 మంది ఎలెక్టర్లు. వారిలో 270 మంది మద్దతు పొందినవాడు అధ్యక్షుడగును. ఆ ఓట్ల పత్రములు జనవరి మాసమున కాంగ్రెసు ఉభయసభల సమావేశమునందు, సెనేటునకు అధ్యక్షత వహించు ఉపాధ్యక్షుని సమక్షమున లెక్కింపబడును. ఈ క్రమమున ఎచ్చటను ఓడిన అభ్యర్థి సమ్మతి అక్కఱలేదు. పలికిన మాటను అతడు వెనుకకు దీసికొనవచ్చును గూడ. 2000 నవంబరు 8వ తేదీ తెల్లవారుజామున అల్ గోర్ తన ప్రత్యర్థియగు జార్జి బుష్‌నకు టెలిఫోనులో అభినందనలు తెలిపెను. ఫ్లారిడాలో ఓట్ల వ్యత్యాసము తఱిగిపోవుచున్నదని తెలియగనే మరల టెలిఫోను చేసి ఆ మాటను ఉపసంహరించుకొనెను. దానివలన అతని హక్కులకు ఎట్టి భంగమును కలుగలేదు.

ఈ యాచారము రాజ్యాంగముతో బాటు పుట్టినదియు గాదు. 1800 నాటి ఎన్నికలలో ఓడిన జాన్ ఆడమ్సు, మఱుసటి సంవత్సరము జెఫర్సను ప్రమాణస్వీకారము చేయు దినమున వేకువనే రాజధానిని విడిచిపోయెను. అధికారము శాంతముగనే చేతులు మాఱినది. కాని ఓడినవాడు నోరు విప్పలేదు. 1896లో విలియం జెన్నింగ్సు బ్రయను, పోలింగు ముగిసిన రెండు దినములకు మెకిన్లీకి అభినందన తంతి పంపెను. వివాదము ప్రజల ముందుంచబడినదనియు, వారి సంకల్పమే శాసనమనియు దాని సారాంశము. ఈ సంప్రదాయమునకు దానినే ఆద్యముగ జెప్పుదురు. తరువాత రేడియో, టెలివిజను దానిని ఇద్దఱి నడుమ జాబునుండి జాతి యంతయు వినదగిన ప్రసంగముగ మార్చినవి.

ఈ వాక్కు యొక్క స్వభావమును గ్రహించుటకు మీమాంసాశాస్త్రము చక్కని సాధనము. మీమాంసకులు విధివాక్యమును, అర్థవాదమును వేఱుపఱచిరి. విధి కర్తవ్యమును శాసించును. అర్థవాదము దేనిని శాసింపదు. స్తుతి మూలమున విహితకర్మయందు శ్రోతకు రుచి పుట్టించును. స్వతంత్రముగ దానికి ప్రామాణ్యము లేదు. విధితో ఏకవాక్యత నొందినపుడే అది సార్థకమగును. అమెరికా ఎన్నికలయందు రాజ్యాంగము విధి. పరాజితుని వాక్కు అర్థవాదము. ఎవడు అధ్యక్షుడో విధి నిర్ణయించును. ఆ నిర్ణయమును స్వీకరించుటకు కోట్లకొలది ప్రతిపక్షీయుల మనస్సులను సిద్ధపఱచునది అర్థవాదము. ఆ మాటనే విజేత పలికినచో స్వార్థముగ దోచును. న్యాయస్థానము పలికినచో ఆజ్ఞగ వినబడును. తన నష్టమునకు తానే సాక్షియగువాని మాటను అతని అనుచరులు నమ్ముదురు.

ఇది కేవలము మర్యాద యనియు, ఒక్కొక్కప్పుడు అన్యాయమును కప్పిపుచ్చు మౌనమనియు ఆక్షేపించువారు కలరు. ఈ యాక్షేపమునకు అల్ గోర్ 2000 డిసెంబరు 13న చేసిన ప్రసంగమే సమాధానము. దేశమంతట కలిపి అతనికి ప్రత్యర్థి కంటె అయిదు లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చినవి. ఫ్లారిడాలో 537 ఓట్ల తేడాతో పదవి చేజాఱినది. పునర్గణనమును సుప్రీంకోర్టు ముందటి దినమున నిలిపివేసెను. ఆ తీర్పుతో తనకు తీవ్రమైన విభేదము కలదని అతడు స్పష్టముగ జెప్పెను. ఆ వెంటనే దానిని అంగీకరించుచున్నానని పలికెను. అంగీకారము అభిప్రాయమును మార్చుకొనుట గాదు. ఈ రెంటి భేదమును బహిరంగముగ నిలుపుటయే ఈ వాగ్రూపమునకు ప్రాణము. 2008 నవంబరు 4న ఫీనిక్సు నగరమున జాన్ మెకెయిను మాటాడునపుడు ఒబామా పేరు వినగనే సభికులు నిరసనధ్వనులు చేసిరి; అతడు వారిని వారించి ప్రసంగము సాగించెను. శ్రోతలు వినగోరని మాటను వారి నాయకుడే వినిపించుట ఇచ్చటి విశేషము.

పలికిన మాటను తరువాతి మాటలు బలహీనపఱచుటయు కలదు. 2016 నవంబరు 9న హిల్లరీ క్లింటను తన ఓటమిని అంగీకరించెను. కాని 2019లో ఆమెయే విజేతను న్యాయసమ్మతుడు గాని అధ్యక్షునిగ వర్ణించెను. అది అర్థవాదమునకు కలిగిన హాని.

2020లో అర్థవాదమే లోపించెను. బైడనుకు 306, ట్రంపునకు 232 ఎలెక్టరు ఓట్లు వచ్చినవి. ఫలితమును ప్రతిఘటించుచు అఱువదికి పైగా వ్యాజ్యములు దాఖలయ్యెను; వానిలో దాదాపు అన్నియు విఫలమయ్యెను. 2021 జనవరి 6న ఒక జనసమూహము కాంగ్రెసు భవనములోనికి చొచ్చుకొనిపోవగా ఓట్ల లెక్కింపు కొన్ని గంటలు నిలిచిపోయెను. అది మరల ప్రారంభమైన పిదప కూడ 147 మంది సభ్యులు ఏదో యొక రాష్ట్రపు ఓట్లను నిరాకరింపవలెనని ఓటువేసిరి. మఱునాడు ట్రంపు నూతన ప్రభుత్వము ఏర్పడనున్నదని చెప్పెనే గాని తాను ఓడితినని గాని, ప్రత్యర్థి గెలిచెనని గాని పలుకలేదు. ఆ వాక్యము జరుగబోవు సంఘటనను తెలుపును. కర్త యొక్క స్వీకారమును తెలుపదు. వ్యాకరణమున స్వల్పమైన ఈ భేదము రాజకీయమున పెద్దదాయెను. న్యాయస్థానములు, ఎన్నికల అధికారులు తమ పని చేయుటచేత విధి నెగ్గినదని కొందఱు తృప్తిపడుదురు. నెగ్గిన మాట నిజమే. కాని రక్తపాతముతోను, అపనమ్మకముతోను నెగ్గినది.

2024లో ఓడిన కమలా హారిసు నవంబరు 6న హోవర్డు విశ్వవిద్యాలయమున ఫలితమును అంగీకరించెను. ఎన్నికను వదలుకొంటిని గాని పోరాటమును వదలుకొనలేదని ఆమె చేసిన విభాగము అల్ గోర్ మార్గమునకు చెందినదే. 2025 జనవరి 6న ఉపాధ్యక్షురాలి హోదాలో 312, 226 అను సంఖ్యలను చదివి, తన పరాజయమును తానే ప్రకటించెను. అటుల ఆచారము మరల కనబడినది. ఐనను ఓడిన ప్రతివాడును పాటించినపుడే అది ఆచారము. ఇష్టమున్నవారు మాత్రమే పాటించినచో అది వ్యక్తిగత సౌజన్యము. అమెరికా ఇపుడు ఈ రెంటి నడుమ నిలిచియున్నది.

శాసనము చేయలేని పనిని వాక్యము చేయుననుట భారతీయ శబ్దశాస్త్రములకు క్రొత్త విషయము గాదు. కావున ఇట్టి ప్రసంగములను రాజనీతిజ్ఞులకే విడువక భాషాపండితులును చేపట్టవలెను. భారతీయ భాషలయందు ఓడిన అభ్యర్థులు చేసిన ప్రకటనలను గూడ సేకరించి వీనితో పోల్చి చూడవలెను. ఏ వాక్యము లేనిచో చట్టమున్నను శాంతి చెడునో, ఆ వాక్యమును అలంకారమాత్రముగ నెంచుట శాస్త్రమునకు తగదు.