ఎకరం నీళ్లు, యాభై ఎకరాల ఎండ

“అన్నా, మాకు తాగనీకే మంచినీళ్లు సక్కగ లేకపాయె. ఇప్పుడు నీళ్లల్లకెల్లి గ్యాస్ తీస్తరంట. బోర్లన్నీ ఎండిపోవా?” మర్రిగూడ వైపు నుంచి ఓ తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు నలిగిన నేల అది. ఆ భయం ఊరికే రాలేదు.

సరే, లెక్క కడదాం. సోలార్ కరెంటో, గాలిమర కరెంటో నీళ్లలోకి పంపి హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను విడగొడితే అదే గ్రీన్ హైడ్రోజన్. ఇంటర్‌లో చదివిన ఎలక్ట్రాలసిస్సే. కిలోకు 9 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. శుద్ధి చేసేటప్పుడు పోయేది, మిషన్లు చల్లబడటానికి పట్టేది కలిపి 20 లీటర్లనుకోండి. అంటే ఒక వాటర్ క్యాన్. రోజుకు టన్ను తీసే ప్లాంటుకు వెయ్యి క్యాన్లు! కానీ ఎకరం యాసంగి వరికి మనం 40 లక్షల లీటర్ల పైనే పారిస్తాం. ఆ నీళ్లతో ఈ ప్లాంటు ఆరు నెలలు దాటి నడుస్తుంది.

కాబట్టి ఎన్ని నీళ్లన్నది నాకు పెద్ద బెంగ కాదు. ఆర్వో నుంచి బయటికొచ్చే వేస్ట్ నీళ్లతోనే నా బెంగ. ఫ్లోరైడ్ అంతా అందులోనే చిక్కబడుతుంది. అది ఏ మోరీలోకి, ఏ కుంటలోకి పోతుందో ముందే అడగాలి.

అసలు ఆకలి కరెంటుది. కిలోకు 50 నుంచి 55 యూనిట్లు, టన్నుకు 55 వేలు. ఒక మెగావాట్ సోలార్ రోజుకు నాలుగైదు వేల యూనిట్లిస్తుంది. అంటే పన్నెండు మెగావాట్లు కావాలి. మెగావాట్‌కు నాలుగెకరాల లెక్కన యాభై ఎకరాలు. నీళ్లు ఎకరానివి, భూమి యాభై ఎకరాలు!

ఇంత చేసి దాన్ని బైక్‌లో నింపుతామంటే నేనొప్పుకోను. అదే కరెంటు బ్యాటరీకి ఎక్కిస్తే బండి రెండింతల దూరం పోతుంది. హైడ్రోజన్‌కు అసలు పని ఎరువుల్లో ఉంది. యూరియాకు అమోనియా కావాలి, అమోనియాకు హైడ్రోజన్. రామగుండంలో ఇప్పుడది సహజ వాయువు నుంచి వస్తోంది. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టిన సంగతి మర్చిపోలేదుగా? టన్ను హైడ్రోజన్‌తో దాదాపు 200 బస్తాల యూరియాకు సరిపడా అమోనియా వస్తుంది (కార్బన్ డయాక్సైడ్ వేరే తెచ్చుకోవాలనుకోండి). ఇది కొత్త ముచ్చటేం కాదు. పంజాబ్‌లోని నంగల్‌లో 1961లోనే భాక్రా డ్యామ్ కరెంటుతో నీళ్లు విడగొట్టి ఎరువు చేశారు.

ఇప్పుడు కేంద్రం 2030 కల్లా ఏటా 50 లక్షల టన్నులు అంటోంది. 2023 జనవరిలో 19,744 కోట్ల మిషన్‌కు ఓకే చెప్పింది. అయితే పెద్ద ప్లాంట్ల చూపంతా సముద్రం వైపే. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన అయింది. హైడ్రోజన్‌ను మోసుకెళ్లడం కష్టం, కరెంటు మాత్రం తీగ మీద ఎంత దూరమైనా పోతుంది. అంటే ప్యానెళ్లు పాలమూరు చెల్కల్లో, ఉద్యోగాలు సముద్రం ఒడ్డున ఉండొచ్చు!

అందుకే సోలార్‌కు భూమి అడుగుతూ ఎవరైనా ఊళ్లోకొస్తే బోర్ల గురించి ఒక ప్రశ్న, భూమి గురించి పది ప్రశ్నలు అడగండి. కొంటారా, కౌలుకా? ఎన్నేళ్లు? కౌలు ఏటా ఎంత పెరుగుతుంది? బీడులో గొర్లు మేపుకునేవాళ్ల సంగతేంటి? ఆ బీడు మీద వాళ్లకు ఏ పట్టా ఉండదు, కౌలు పైసలు వాళ్ల దాకా రావు.