పైన డాబా మీద... అప్ ఆన్ ద టెర్రస్

"వియ్ ఆర్ రన్నింగ్ అప్ అగెయిన్‌స్ట్ ద డెడ్‌లైన్, సో లెట్స్ గెట్ ఆన్ విత్ ఇట్."

క్లయింట్ కాల్‌లో అవతలివాళ్లు ఇలా అన్నారనుకోండి. గడువు దగ్గర పడుతోంది, ఇక పని కానిద్దాం అని. ఇందులో డెడ్‌లైన్ తప్ప మిగతావన్నీ ఐదో తరగతి మాటలే. రన్, అప్, గెట్, ఆన్, విత్... విడివిడిగా అన్నీ మనకు తెలుసు. అయినా విన్నాక బుర్రలో ఏమీ నిలవదు. అదే 'టాలరేట్', 'ప్రొసీడ్' లాంటి పెద్ద మాటలైతే టక్కున పట్టేస్తాం. చిన్న మాటలు మూడు వరసగా వస్తేనే తికమక.

దీనికి మన దగ్గర అందరూ చెప్పే మందు బట్టీ. ఫ్రేజల్ వెర్బ్స్ లిస్టు ఒకటి పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో వస్తుంది. సేవ్ చేసుకుంటాం, తెరవం. తెరిచినా పెద్ద ఉపయోగం లేదని నా అభిప్రాయం. ఈ మాటలు ఒకదానితో ఒకటి ఎలా అతుక్కుంటాయో ఆ లిస్టు చెప్పదు. ఆ కిటుకు మన తెలుగులోనే ఉంది.

అమ్మ ఫోన్ చేసి "ఎక్కడున్నావ్?" అంటే ఏమంటాం? "పైన డాబా మీదున్నా." "కింద కిరాణా కొట్టు దగ్గరున్నా." ఇందులో రెండు ముక్కలున్నాయి చూడండి. 'పైన' అనేది ఒంటరిగా నిలబడగలదు. "పైనున్నా" అన్నా సరిపోతుంది. 'మీద' అలా కాదు, దేని మీద అన్నది చెప్పాలి, దానికో డాబా కావాలి. ఇంగ్లీషులోనూ అంతే. అప్ ఆన్ ద టెర్రస్, డౌన్ ఎట్ ద స్టోర్. అప్, డౌన్ మన 'పైన', 'కింద' లాంటివి. వీటినే గ్రామర్ పుస్తకాలు యాడ్వర్బ్ పార్టికల్స్ అంటాయి. ఆన్, ఎట్ ప్రిపొజిషన్లు, మన 'మీద', 'దగ్గర' లాంటివి.

తేడా ఒక్కటే. మన 'మీద' డాబా తర్వాత వస్తుంది, వాళ్ల 'ఆన్' టెర్రస్‌కి ముందే వచ్చేస్తుంది. అందుకే ఇంగ్లీషులో అప్, ఆన్ పక్కపక్కన పడి ఒకే మాటలా వినిపిస్తాయి. తెలుగులో మధ్యలో డాబా అడ్డం ఉంది కాబట్టి మనకు ఎప్పుడూ ఆ అయోమయం రాలేదు.

కాలం విషయంలో కూడా ఇదే పద్ధతి. "అప్పట్లో 2015లో" అంటామా, వాళ్లు 'బ్యాక్ ఇన్ 2015' అంటారు.

ఇక వీటికి ముందు ఒక క్రియ చేరితే అసలు మజా మొదలవుతుంది. మధ్యలో ఉన్న పార్టికల్ క్రియ అర్థాన్నే మార్చేస్తుంది. చివర ఉన్న ప్రిపొజిషన్ ఒక కొక్కెం, వెనకొచ్చే మాటని తగిలించుకోవడం దాని పని. క్రియ అర్థాన్ని మార్చే పని మన దగ్గర 'పో', 'ఏయ్' చేస్తాయి. తిను వేరు, తినేయ్ వేరు: ఈట్, ఈట్ అప్. వెళ్లు వేరు, వెళ్లిపో వేరు: గో, గో అవే. "పాలు అయిపోయాయి" అనేదాన్ని ఇంగ్లీషులో 'వియ్ హావ్ రన్ ఔట్ ఆఫ్ మిల్క్' అంటారు. మన దగ్గర పాలు అయిపోతాయి, వాళ్ల దగ్గర మనుషులు అయిపోతారు!

కొక్కెం మారితే తగిలేది కూడా మారుతుంది. ముందు నడుస్తున్న ఫ్రెండ్‌ని అందుకోవాలంటే 'క్యాచ్ అప్ విత్'. బాకీపడ్డ నిద్ర, మిగిలిపోయిన పని, సగంలో ఆపిన వెబ్ సిరీస్ అయితే 'క్యాచ్ అప్ ఆన్'. 'కమ్ డౌన్ విత్ ఫీవర్' అంటే జ్వరంతో మంచాన పడటం. 'తో' ఎంత చక్కగా సరిపోయిందో చూడండి. 'ఇట్ కమ్స్ డౌన్ టు మనీ' అంటే మాత్రం చివరికి అంతా డబ్బు దగ్గరికే వచ్చి ఆగుతుందని.

మన ఆఫీసుల్లో బాగా వినిపించేది 'కోప్ అప్ విత్'. కీప్ అప్ విత్, క్యాచ్ అప్ విత్ విని విని కోప్‌కి కూడా ఓ అప్ తగిలించేస్తారు. కోప్ విత్ చాలు. అయినా అలా అన్నంత మాత్రాన అర్థం కాకుండా పోదు, నవ్వేవాళ్లది వేరే సమస్య.

కానీ ఉద్యోగం కోసం రాసే మెయిల్‌లో 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు' అని పడితే కాస్త ఇబ్బందే. చదివేవాళ్ల కన్ను అక్కడ ఆగుతుంది. 'టు' కనిపించగానే టు మీట్, టు గో అని రాసేయడం అలవాటు. ఇక్కడ ఫార్వర్డ్ పార్టికల్, టు కొక్కెం. నమ్మకం లేకపోతే టు తర్వాత సంక్రాంతి పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు సంక్రాంతి' కుదిరింది. 'వాంట్ టు సంక్రాంతి' కుదరదు. సంక్రాంతి కుదిరిన చోట క్రియ పెట్టాలంటే దానికి ఇంగ్ చేర్చాలి: 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు'.

వినేటప్పుడు కూడా ఈ తేడా పనికొస్తుంది. మామూలుగా పలికేటప్పుడు పార్టికల్ మీద ఒత్తు పడుతుంది, ప్రిపొజిషన్ మెత్తబడుతుంది. 'కమ్ అప్ విత్ ఎ ప్లాన్'లో అప్ గట్టిగా వినిపిస్తుంది, విత్ జారిపోతుంది. 'ఔట్ ఆఫ్' కాస్తా 'ఔటా' అవుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ గట్టి మాటని పట్టుకోండి, సగం అర్థం దొరికినట్టే.

చివరగా మా ఫీల్డ్‌లోది ఒకటి. 'లాగిన్ ఇంటూ ద పోర్టల్' అని డాక్యుమెంట్లలో తెగ కనిపిస్తుంది. ఒక్క మాటగా 'లాగిన్' అనేది పేరు మాత్రమే: లాగిన్ పేజీ, లాగిన్ ఐడీ. చేసే పని అయితే లాగ్ ఇన్, రెండు మాటలు. పోర్టల్‌ని తగిలించడానికి ఆ తర్వాత ఓ టు: 'లాగ్ ఇన్ టు ద పోర్టల్'. సెటప్, సెట్ అప్ కూడా ఇలాంటి జతే. అనుమానం వస్తే నిన్న జరిగినట్టు చెప్పి చూడండి. 'లాగ్డ్ ఇన్' అంటాం గానీ 'లాగిన్డ్' అనం కదా.