పల్లకి యెక్కినవాని సాక్ష్యము

మోటారు బండ్లను గూర్చి వ్రాయువారికి ఒక ఆచారము కలదు. క్రొత్త బండి యేదైనను బజారులోనికి రాగానే ఒక నిపుణుడు దానిని కొంతదూరము నడిపి, ఆసనపు మెత్తదనము మొదలుకొని యంత్రపు గర్జనము వఱకు తనకు కలిగిన అనుభవమునెల్ల వర్ణించును. అట్టి వ్రాతలు చదువుట నాకును సరదాయే. దాచవలసిన పని లేదు. కాని అందలి వింత యొకటి చాలకాలముగా నన్ను కలచుచున్నది. నేను చదివినవాటిలో రోడ్డు దాటుచున్న మనిషి యెన్నడును కనబడలేదు. కొండమలుపు కనబడును, సముద్రతీరము కనబడును, తెల్లవాఱుజామున నిర్మానుష్యమైన రాజమార్గము కనబడును. మనిషి మాత్రము ఉండడు. పూర్వము పల్లకి యెక్కి తిరిగినవారిని ప్రయాణమెట్లున్నదని యడిగినచో ఊయలవలె నున్నదనియే చెప్పియుందురు. అది అబద్ధము కాదు. బోయీల భుజముల సంగతి వారినడుగుటయే పొరపాటు.

నేనిచ్చట ఖండింపదలచినది ఆ సాక్ష్యమును. మిక్కిలి వేగము, మిక్కిలి బరువు, మిక్కిలి వెల యను మూడును ఒక్కచోట చేరిన ఎస్‌యూవీలను గూర్చి వెలువడుచున్న స్తోత్రములను ముఖ్యముగా ఖండింపదలచితిని.

ఈ తెగ యెట్టిదో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. ఇటలీ దేశపు లాంబోర్గినీ కంపెనీవారు 2017 డిసెంబరులో ఉరుస్ అను బండిని లోకమునకు చూపిరి. 2018 జనవరిలో మన దేశమున 3 కోట్ల రూపాయల ప్రారంభపు వెలతో అమ్మకమునకు పెట్టిరి. ఉరుస్ అనగా ఒక అడవి యెద్దు. నేటి పెంపుడు పశువులకు మూలజాతియై, ఎన్నడో అంతరించినది. ఈ యెద్దు బరువు ఇంచుమించు 2,200 కిలోలు. పొడవు 5 మీటర్లకు పైగా, వెడల్పు 2 మీటర్లకు పైగా. లోపల నాలుగు లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, దానికి రెండు టర్బోలు. మొదటి రకపు బలము 650 అశ్వశక్తి. నిలిచినచోటినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమునకు 3.6 సెకండ్లలో చేరుననియు, 305 కిలోమీటర్ల వేగము వఱకు పోగలదనియు కంపెనీవారే చెప్పిరి. ఒక మీట కదిపినచో వీధి, ఆట, పందెము, మంచు, మన్ను, ఇసుక అను అర్థములుగల ఇటాలియను పేర్లు ఒక్కొక్కటిగా తెరమీదికి వచ్చును. మన్నును ఇసుకను ఆ తెరమీద మాత్రమే చూచిన యజమానులు చాలమంది యుందురని నా యనుమానము. ఈ బండి యొక్కటియే కాదు. బెంట్లీవారు 2015లోను, రోల్స్ రాయిస్‌వారు 2018లోను, ఫెరారీవారు 2022లోను ఈ త్రోవనే త్రొక్కిరి.

ఈ తెగకు చెందిన మఱియొక బండిని నేను స్వయముగా నడిపితిని. దాని పేరు వ్రాయను. నేను చెప్పబోవు దోషము ఒక కంపెనీది కాదు, తెగది. అంతకంటె ఎక్కువగా నాది.

మా మేనల్లుడు వ్యాపారమున గడించి దానిని కొనినాడు. ఒక ఆదివారము తెల్లవాఱకముందే వచ్చి, "మామయ్యా, ఒక్కసారి నడిపి చూడండి, తరువాత మీ ఇష్టం వచ్చినట్టు తిట్టండి" అని తాళపుచెవి నా చేతిలో పెట్టినాడు. ఇరువురము హైదరాబాదు బాహ్యవలయ రహదారి యెక్కితిమి. 158 కిలోమీటర్ల పొడవున నగరమును చుట్టివచ్చిన ఎనిమిది వరుసల బాట యది. ద్విచక్రవాహనములకు, కాలినడకవారికి దానిమీద ప్రవేశము లేదు. గరిష్ఠవేగము గంటకు 120 కిలోమీటర్లు.

నిజము చెప్పవలయును గదా. నా యొడలు పులకరించినది. ఎత్తైన అరుగుమీద కూర్చుండి ఊరంతయు చూచుచున్నట్లుండెను. తలుపు మూయగానే బయటి లోకపు చప్పుడంతయు ఎవరో దుప్పటి కప్పినట్లు అణగిపోయెను. పాదము కొంచెము నొక్కితినో లేదో వీపు ఆసనమునకు అంటుకొనిపోయెను. ఆ తోపు జంకు పుట్టించునది కాదు, లాలించునది. రోడ్డుమీది అతుకులు గాలితిత్తులమీద కరగిపోయినవి. మలుపులో అంతటి దేహము ఒక ప్రక్కకు ఒరగవలసినది ఒరగలేదు. వెనుక చక్రములు కూడ కొంచెము తిరుగునట, అందుచే ఏనుగు లేడివలె మలగినది. అఱువదియవ పడిలోనున్న నేను చిన్నపిల్లవానివలె నవ్వితిని. అప్పటికి తొంబది కిలోమీటర్ల వేగమున పోవుచుంటినని నా యూహ. తెరవైపు చూడగా 146 అని యున్నది.

వెంటనే పాదము తీసితిని. మేనల్లుడు నవ్వి, "అదే మామయ్యా దీని గొప్పతనం, తెలియనివ్వదు" అనెను.

తెలియనివ్వదు! ఎన్ని పుటల స్తోత్రమునైనను పిండినచో చివరకు మిగులునది ఈ యొక్క మాటయే. పాత కారులకు ఒక మర్యాద యుండెడిది. వేగము హద్దు మీఱగానే తలుపులు గడగడలాడెడివి, స్టీరింగు చక్రము చేతిలో వణకెడిది, గాలి చెవిలో కేక వేసెడిది. ఆ భయము నడుపువానికి హితవు చెప్పెడిది. ఇప్పటి నేర్పరులు ఆ హితవును ఒక్కొక్కటిగా తీసివైచి దానికి సుఖమని పేరు పెట్టిరి. ప్రమాదము తగ్గలేదు, ప్రమాదపు వార్త మాత్రము నడుపువానికి చేరకుండ ఆపిరి. వేగము రెండింతలైనచో ఢీకొనుటలోని శక్తి నాలుగింతలగుననునది పాఠశాలలో చదివిన సంగతియే. ఆ శక్తిని రోడ్డుమీదివాడు పూర్తిగా అనుభవించును. లోపలివానికి అది లాలిపాట.

బ్రేకులను చూపి దీనికి సమాధానము చెప్పుదురు. ఉరుస్ బండి 100 కిలోమీటర్ల వేగమునుండి 33.7 మీటర్లలో నిలిచిపోవునని కంపెనీవారు ప్రకటించిరి. అది ఘనమైన పనియే. అంత బరువును అంతలో నిలుపుట సామాన్యము కాదు. కాని ఆ కొలత పాదము బ్రేకుమీద పడిన క్షణమునుండి మొదలగును. ఎదుట ఉన్నది మనిషి యని కన్ను చూచి, మనస్సు గ్రహించి, పాదము కదలుటకు ఒక్క సెకండు పట్టినను, ఆ లోపలనే బండి ఇంచుమించు 28 మీటర్లు పోయియుండును. ఆ 28 మీటర్లకు ఏ ప్రకటనలోను చోటు లేదు. తానెంత వేగమున పోవుచున్నాడో తెలియనివానికి ఆ సెకండు ఒకటితో తీరునా?

మా ప్రయాణమునకు మరలివత్తును. నార్సింగి యొద్ద బాహ్యవలయము దిగి ప్రక్కనున్న సర్వీసు రోడ్డుమీదికి వచ్చితిమి. అప్పటివఱకు నేలమీద కనబడని జనమంతయు ఇచ్చట నున్నారు: పాలబిందెలు కట్టిన మోపెడు, ఆటోలు, ఇటుకపనికి పోవుచున్న కూలీలు. ఎదుట ఒక స్త్రీ, ఒక చేత టిఫిను క్యారియరు, ఇంకొక చేత నాలుగైదేండ్ల పిల్ల, దాటుటకు నిలిచియున్నది. నేను నడకవేగమునకు దిగితిననుకొంటిని. అదియును నిజము కాదు. గట్టిగా బ్రేకు నొక్కవలసివచ్చెను. బండి విధేయతతో నిలిచెను. ఎవరికిని ఏమియు కాలేదు. దాటుమని చేయి ఊపితిని. ఉదయపుటెండ అద్దముమీద మెఱయుచుండుటచే ఆమెకు నా చేయి కనబడలేదు. నా ముఖము కనబడలేదు. ఆమె పిల్లను వెనుకకు లాగి, బండి ముందు భాగముననే చూచుచు నిలిచిపోయెను. నేను ఆగియుండగా దాటలేదు. నేను పోయిన తరువాతనే దాటెను. అంతసేపు ఆ బాట నాది.

2022 సంవత్సరమున మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణా శాఖవారి లెక్క. అందు నడచిపోవువారు 32,825 మంది. ద్విచక్రవాహనముల మీదివారు 74,897 మంది. నూటికి డెబ్బదికి పైగా మరణములకు కారణము అతివేగమని ఆ లెక్కయే చెప్పుచున్నది. ఈ చావులన్నియు కోట్ల రూపాయల బండ్లవలన కలిగినవని నేననను, అట్లనుట అన్యాయము. అట్టి బండ్లు మన దేశమున కొద్దియే. నేను చెప్పునది వేఱు. మన రోడ్లు ఎవరివో, ఎవరు వానిమీద బ్రదుకుచు చచ్చుచున్నారో ఆ అంకెలవలన తెలియుచున్నది. అట్టి రోడ్డుమీద ఎట్టి బండి మెచ్చదగినదో నిర్ణయించునపుడు లోపలివాని వీపునొక్కదానినే సాక్షిగా పిలుచుట న్యాయమా?

"కుటుంబపు క్షేమము కొఱకు కొంటిమి" అని ఇల్లాండ్రు సైతము చెప్పుట విన్నాను. ఆ మాటలోని ప్రేమను నేను శంకింపను. ఎవరి కుటుంబమని మాత్రమే అడుగుదును. అమెరికాలో బీమా కంపెనీల పోషణమున నడచు రహదారి భద్రతా పరిశోధన సంస్థవారు 2023లో ఒక పరిశీలనమును ప్రకటించిరి. ముందుభాగము నలువది అంగుళములకు మించి యెత్తుగానున్న బండి పాదచారిని ఢీకొన్నయెడల, ముప్పది అంగుళములలోపు ఎత్తుండి వాలుగానున్న బండికంటె, ప్రాణము పోవు అవకాశము ఇంచుమించు నూటికి 45 వంతులు హెచ్చని తేలినది. నలువది అంగుళములనగా నాలుగేండ్ల బిడ్డ నిలువెత్తు. మన బిడ్డ లోపల భద్రముగా నుండుటకు ఇతరుల బిడ్డ వెల చెల్లించుచున్నదన్నమాట.

రోడ్లు బాగుండవు గనుక ఎత్తైన బండి కావలెనను వాదమునకు చాల మాటలక్కఱలేదు. ఉరుస్ బండికి తొడుగు చక్రములు 21 మొదలు 23 అంగుళములవి. వాని చుట్టు టైరు గోడ సన్నపు పట్టీవంటిది. పల్లెబాటకు పుట్టినట్టు రూపము, గుంతను చూచి జడియు పాదము!

"మా డబ్బు, మా యిష్టము" అనునది మూడవ వాదము. డబ్బు మీదియే, రోడ్డు మీది కాదు. ఫ్రాన్సు దేశమున పారిసు నగరవాసులు 2024 ఫిబ్రవరిలో దీనిని ఓటుకు పెట్టుకొని, బయటినుండి వచ్చు బరువైన కార్లను నిలుపుకొను రుసుమును మూడింతలు చేసిరి. ఓటు వేయ వచ్చినవారు నూటికి ఆర్గురైనను లేరని దానిని వెక్కిరించినవారును ఉన్నారు. అయినను స్థలము అందఱిదనియు, ఎక్కువ ఆక్రమించువాడు ఎక్కువ ఇచ్చుకొనవలెననియు వారు పైకి చెప్పగలిగిరి. మన దేశమున జరిగినది చూడుడు. పెద్ద ఎస్‌యూవీల మీద వస్తుసేవల పన్ను, దానిపై అదనపు సుంకము కలిసి నూటికి 50గా నుండెడివి. 2025 సెప్టెంబరు 22 నుండి 40గా చేసిరి. చిన్న కార్లకు తగ్గించుట నాకు సమ్మతమే; గుమస్తా ఇంటికి కారు వచ్చినచో సంతసింతును. పెద్దవానికి పన్ను తగ్గింపవలసిన అవసరము ఎవరికి కలిగెనో నాకు బోధపడలేదు.

ఇంతకంటె నన్ను బాధించునది ఇంటిలోని సంగతి. తాళపుచెవి నేడు ముద్దుబిడ్డకు ఇచ్చు కానుకయైనది. కొడుకు పరీక్షలో గెలిచినను తాళపుచెవియే, పెండ్లి కుదిరినను తాళపుచెవియే. ఈ రెండవదానికి కట్నమని పేరు పెట్టినచో నేరమగును గనుక కానుక యందురు. 2024 మే 19 వ తేదీన పుణె నగరమున పదునేడేండ్ల బాలుడు నడుపుచుండెనని పోలీసులు చెప్పిన ఖరీదైన కారొకటి ఢీకొని ఇద్దఱు యువ ఇంజనీర్లు మరణించిరి. అది ఎస్‌యూవీ కాదు. అయినను వేగపు దురద ఆ తెగకే పరిమితమా? బాలునికి జామీను ఇచ్చునపుడు విధించిన షరతులలో రోడ్డు ప్రమాదములను గూర్చి మూడువందల మాటల వ్యాసము వ్రాయవలెననునది యొకటి. దేశమంతయు ఛీకొట్టిన పిమ్మట ఆ యుత్తరువును మార్చిరి. వ్యాసములు వ్రాయువాడనైన నాకు ఆ వార్త చదివినప్పుడు నా వృత్తిమీదనే సిగ్గు వేసినది. మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి మూడేండ్ల వఱకు జైలు విధింపవచ్చునని 2019 నాటి చట్టసవరణము చెప్పుచున్నది. తాళపుచెవి ఇచ్చు తండ్రులలో దానిని చదివినవారెందఱు?

బండి యెక్కి బాటమీదికి వచ్చుటలోనే ఒకప్పుడు ధర్మయుద్ధముండెను. 1893లో తిరువాన్కూరు దేశమున అయ్యన్‌కాళి, తన కులమువారు నడువరాదని నిషేధింపబడిన రాజమార్గముమీద ఎడ్లబండి యెక్కి పోయెను. కొట్టవచ్చినవారిని ఎదిరించెను. ఆ బండి వేగమెంతో ఎవరును కొలువలేదు. దానివలన బాట వెడల్పైనది. దొర వచ్చుచున్నాడు, తొలగుడని ముందు కేకలు వేయు బంటులు పోయినారని మనము సంతోషించుచున్నాము. నార్సింగిలో ఆ తల్లి పిల్లను వెనుకకు లాగినపుడు కేక వేయు బంటు అక్కఱలేకపోయెను.

ఇంటికి చేరిన తరువాత మేనల్లుడు కాఫీ త్రాగుచు, తన స్నేహితులు బండ్లను గూర్చి అభిప్రాయములు వ్రాసి పంచుకొందురనియు, నన్నును ఒక పుట వ్రాసి యిమ్మనియు అడిగినాడు. వ్రాసితిని. ఆసనము, నిశ్శబ్దము, మలుపులోని నేర్పు ఉన్నవి ఉన్నట్లే మెచ్చుకొంటిని. 146 కూడ వ్రాసితిని. దాని ప్రక్కన ఒక పుట ఖాళీగా విడిచి, సర్వీసు రోడ్డుమీద నిలిచినవారినెవరినైన అడిగి అది నింపించుమని చెప్పితిని. వాడు నవ్వి రెండు పుటలును మడిచి జేబులో పెట్టుకొనినాడు. మూడు నెలలైనది; రెండవ పుట ఇంకను ఖాళీగానే యున్నదట.