ద్రాక్షతోటలకు యాత్ర

వారాంతపు సెలవు రాగానే మాదాపురపు కార్యాలయములలోని యువజనులలో కొందఱు నాసికకు బయలుదేరుచున్నారు. సుమారు 700 కిలోమీటర్ల దారి. పంచవటికో, త్ర్యంబకేశ్వరమునకో యని ఇంటి పెద్దలు సంతసింపవచ్చును. కాని వారిలో పలువురు పోవునది గంగాపూరు జలాశయము చెంతనున్న ద్రాక్షతోటలకు, వైను అనబడు ద్రాక్షమద్యమును రుచి చూపు శాలలకు. మఱికొందఱు బెంగుళూరు దాపున నందికొండ దిగువ తోటలకు పోవుచున్నారు.

వీరిని నడిపించుచున్నదేమి? మద్యతృష్ణయే యని కొట్టివేయుట సులభము. ఆ మాట నిలువదు. మద్యమే కావలసియున్నచో మాదాపురమున వీథి మలుపు దాటనక్కఱలేదు. సీసాలో దొరకనిదేదో వారికి తోటలో దొరకుచున్నది. జనవరి మొదలు మార్చి వఱకు సాగు కోతలు చూడవలెనను వేడుక. పండు చిదికి, పులిసి, పీపాలో ముదురు క్రమమును తెలిసికొను కుతూహలము. సంజవేళ మిత్రులతో తొందరలేక కూర్చుండు భాగ్యము. తిరిగివచ్చి పదుగురితో చెప్పుకొను సంబరము. పగలెల్ల గాజుగోడల నడుమ, చేతికి మట్టి యంటని పని చేయువానికి నేలపై మమకారము కలుగుట వింతయా? అతని తాత నాగలి పట్టినవాడే గదా!

ఈ కోరికను మహారాష్ట్రులు ముందుగా గుర్తించిరి. అచ్చటి ప్రభుత్వము 2001లో ద్రాక్ష పరిశ్రమకు ప్రత్యేక విధానము నేర్పఱచెను. నాసికలో సూలా సంస్థ 2005లో రుచిశాల తెఱచెను. మన సంగతి యేమి? అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు హైదరాబాదు పెట్టినది పేరు. నగర పరిసరములలోని ఆ తోటలు పెక్కు ఇండ్ల స్థలములైనవి. తాటివనములకును అదే గతి పట్టుచున్నది.

మేము మద్యపాన పక్షపాతులము కాము. త్రాగుడుచే కూలిన కాపురములను న్యాయస్థానములలో కన్నవారమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన ఫలితముగా 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. ఆ తల్లుల కన్నీటిని మఱచి, విహారయాత్ర యను పట్టువస్త్రమును మద్యమునకు కప్పుదమన్నచో మేము సమ్మతింపము.

అయినను యాత్రికుని కోరికలో మంచి యున్నది. దానికి మద్యమే ఆధారము కానక్కఱలేదు. సూర్యోదయమునకు ముందే తాటివనము చేరి, మోకు ముత్తాదులతో చెట్టెక్కు గీతకార్మికుని చూచి, అప్పుడే దింపిన పులియని నీరా త్రాగుట. ఎండకాలమున ముంజలు, కోతకాలమున ద్రాక్షలు తోటలోనే తినుట యేమి తక్కువ యాత్ర? 2023లో హుస్సేన్‌సాగరు తీరమున ప్రభుత్వము నీరా కేఫు తెఱచెను, మంచిదే. కాని చెట్టు ఎంత పొడవో, పట్టు తప్పిన నేమగునో అచ్చటి బల్లయొద్ద తెలియదు. ఆ ప్రాణభయము చేతనే గదా 2024లో గీతకార్మికులకు కాటమయ్య రక్షణ కవచములను పంచవలసివచ్చినది!

నాసికకు పోవు యువజనులను మేము నిందింపము. పోయివచ్చినవారు ఒక ఉదయము భువనగిరి దారిని తాటిచెట్ల క్రిందికి పోవలెనని కోరుచున్నాము. ప్రభుత్వమువారు మిగిలిన తోటలను, వనములను ముందుగా కాపాడవలెను. గీతకార్మికునికి, రైతునకు ఆతిథ్యపు ఆదాయములో న్యాయమైన భాగము రావలెను. చెట్టు నిలిచిననే కదా యాత్రికుడు వచ్చుట.