తాగుడు కంటే దాపరికమే ముప్పు

అమెరికా పౌరసత్వం పొందిన మన తెలుగు విశ్వాసులలో కొందరు అక్కడి ప్రభుత్వ, రక్షణ రంగ ఉద్యోగాలలో ఉన్నారు. రహస్య సమాచారం చూడవలసిన ఉద్యోగమైతే ‘సెక్యూరిటీ క్లియరెన్స్’ తప్పనిసరి. దానికోసం ఎస్‌ఎఫ్-86 అనే సుదీర్ఘమైన ఫారం నింపాలి. గత ఏడేళ్లలో మద్యం వలన ఉద్యోగం, కుటుంబం, ఆర్థిక స్థితి దెబ్బతిన్నాయా అని అందులో అడుగుతారు. మద్యానికి సంబంధించి కేసు నమోదై ఉంటే, అది ఎంత పాతదైనా చెప్పాలి.

ఇక్కడే చాలామంది తడబడతారు. తాగి కారు నడిపి ఒకసారి పట్టుబడ్డాను, ఆ సంగతి రాస్తే ఉద్యోగం పోతుంది, రాయకపోతే ఎవరికి తెలుస్తుంది అనుకుంటారు. కానీ నిబంధనల తీరు వేరు. 2017 జూన్ 8న అమలులోకి వచ్చిన 13 మార్గదర్శకాలలో మద్యపానానికి ఒకటి, నిజాయితీతో ముడిపడిన వ్యక్తిగత ప్రవర్తనకు మరొకటి ఉన్నాయి. తాగుడు సమస్య ఉందని ఒప్పుకొని, చికిత్స తీసుకొని, కొంతకాలంగా మానేసినట్లు ఆధారం చూపగలిగితే దానిని అనుకూలంగా పరిగణిస్తారు. మనిషిని ఒక్క తప్పుతో కాక మొత్తం జీవితంతో తూస్తారు. అందరికీ క్లియరెన్స్ వస్తుందని కాదు. సందేహం మిగిలితే దేశ భద్రత వైపే మొగ్గుతారు. అయినా తిరిగి లేచినవానికి తలుపు మూసివేయలేదు.

తెలిసి దాచినవాని సంగతి అలా కాదు. పాత తప్పుకు కొత్త అబద్ధం తోడవుతుంది. ఫారంలో బుద్ధిపూర్వకంగా అబద్ధం రాయడం నేరం. ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పైగా రహస్యం దాచుకున్నవానిని బెదిరించి లొంగదీసుకోవడం శత్రువుకు సులువు. ఎవరూ నిలదీయకముందే తనంతట తాను సరిదిద్దుకుంటే మాత్రం అదీ లెక్కలోకి వస్తుంది.

అననీయ, సప్పీరాల సంగతి గుర్తుందా? పొలం వెల అంతా ఇచ్చితీరాలని వారినెవరూ బలవంతపెట్టలేదు. వారిని కూల్చింది ఉంచుకున్న డబ్బు కాదు, పలికిన అబద్ధం.

ఈ మాట సంఘాలకు కూడా వర్తిస్తుంది. విచారణాధికారులు ఇరుగుపొరుగువారిని, స్నేహితులను కలుస్తారు, పాస్టరుగారినీ అడగవచ్చు. “అయ్యగారూ, ఆ సంగతి మాత్రం చెప్పకండి” అని విశ్వాసి బతిమాలితే మనమేమి చేస్తాం? అబద్ధ సాక్ష్యం ప్రేమ కాదు. అయితే అతడు అంతగా భయపడే స్థితి రావడంలో మన వంతు లేదా? తాగుడు మానలేకపోతున్నానని ఒక సహోదరుడు చెబితే, మరుసటి ఆదివారానికి అది సంఘమంతా పాకే చోట ఎవరు నోరు విప్పుతారు?

ఒప్పుకున్నవానికి లోక ప్రభుత్వమే దారి ఉంచితే, కృప పొందిన సంఘం ఇంకెంత ఉంచాలి! ప్రియులారా, దాచినది ఈ వారమే ప్రభువు ఎదుట, నమ్మకమైన ఒక పెద్ద ఎదుట చెప్పండి. ఫారం మీద పెన్ను పెట్టడం ఆ తరువాత.