దయ వద్దు, ధ్రువపత్రం ఇవ్వండి

తోపుడు బండిపై పండ్లు అమ్ముకొనే మనిషిని మన పురపాలక సంఘాలు ఆక్రమణదారుడని పిలుస్తున్నాయి. చట్టం మాత్రం అతణ్ణి వర్తకుడనే అంటున్నది. వీధి వర్తకుల జీవనోపాధి రక్షణకు పార్లమెంటు 2014లో ప్రత్యేక చట్టం చేసింది. దశాబ్దం దాటినా, మామూలు ముట్టజెబితేనే బండి నిలిచే దుస్థితి మన బజారులను వీడలేదు. ఇది పేదవాని తలరాత కాదు. చట్టాన్ని అమలు చేయవలసినవారే దాన్ని ఉల్లంఘిస్తున్నారని మేము ఆరోపిస్తున్నాము.

చట్టం ఏమంటున్నదో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. కనీసం 5 ఏళ్లకొకసారి వీధి వర్తకుల సర్వే జరపాలి. అందులో గుర్తించిన, 14 ఏళ్లు నిండిన ప్రతి వర్తకునికీ విక్రయ ధ్రువపత్రం ఇవ్వాలి. అందుకు వర్తకుడు ఇవ్వవలసిన హామీలు మూడే: వ్యాపారం తానుగాని తన కుటుంబంగాని చేసుకుంటారు, తనకు వేరే జీవనాధారం లేదు, పత్రాన్ని ఇతరులకు బదలాయించడు. సర్వే ముగిసి అందరికీ పత్రాలు అందేవరకు ఎవరినీ తొలగించరాదని 3వ సెక్షన్ శాసిస్తున్నది. తొలగించవలసి వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు జప్తు చేస్తే జాబితా రాసి చేతికివ్వాలి. రుసుము కట్టి అడిగితే పాడైపోయే సరుకును అదే రోజు, మిగిలినదాన్ని 2 పనిదినాల్లో విడుదల చేయాలి. జాబితా రాయకుండా బండిని లారీకెక్కించడం జప్తు కాదు, దోపిడీ.

ఇది పేదలందరి సమస్య, మనకు మరీ దగ్గరి సమస్య. ముస్లిం పురుష శ్రామికుల్లో 12 శాతం మంది వీధి వర్తకంపై బతుకుతున్నారని, దేశ సగటు 8 శాతం కూడా లేదని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. టౌన్ వెండింగ్ కమిటీలో వర్తకులు ఎన్నుకున్న ప్రతినిధులు 40 శాతానికి తగ్గరాదని, వారిలో మూడోవంతు మహిళలుండాలని, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం దక్కాలని చట్టమే చెబుతున్నది. మీ పట్టణంలో ఆ కమిటీ ఉన్నదా? అందులో మనవారెవరు?

పేరు కాగితానికెక్కితే గుర్తుపట్టి వేధిస్తారని, గుట్టుగా బతకడమే మేలని మనలోనే కొందరు వాదిస్తున్నారు. ఈ భయం ఊరికే పుట్టలేదు. 2024లో ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో కావడి యాత్ర దారిలోని తినుబండారాల యజమానులు తమ పేర్లు ప్రదర్శించాలని పోలీసులు ఆదేశించారు. జూలై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను నిలిపివేసింది. ఏ ఆహారం అమ్ముతున్నారో తెలిపితే చాలునన్నది. మరుసటి ఏడాది అదే వివాదంలో, చట్టం కోరే లైసెన్సు, రిజిస్ట్రేషన్ పత్రాలను మాత్రం ప్రదర్శించాలన్నది. చట్టంలో లేని ఆదేశాన్ని కోర్టులో నిలదీయవచ్చు. చట్టం అడిగే పత్రమే లేనివాడు ఏ ఆధారంతో నిలబడతాడు? మనల్ని గుర్తుపట్టదలచినవారికి రిజిస్టరు అక్కరలేదు. గడ్డం చాలు, బురఖా చాలు. పత్రం లేనందువల్ల మనం దాగడం లేదు, రక్షణను వదులుకుంటున్నాము.

కాబట్టి ప్రభుత్వాలను అడుగుతున్నాము: సర్వే తేదీలు ప్రకటించండి, వార్డులవారీగా జాబితాలు బయటపెట్టండి, కమిటీలకు ఎన్నికలు జరపండి. మస్జిద్ కమిటీలను కోరుతున్నాము: జుమా నమాజు తరువాత ఆవరణలో ఒక బల్ల వేయండి. చదువుకున్న యువకులు అక్కడ కూర్చుని దరఖాస్తులు నింపాలి, దళారికి పోయే డబ్బు ఆపాలి. ప్రతి దరఖాస్తుకూ రసీదు తీసుకోవాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. కమిటీ వివరాలు దాచితే సమాచార హక్కు చట్టం ఉండనే ఉన్నది.

రంజాన్‌లో టోపీ పెట్టుకొని ఇఫ్తారుకు వచ్చే నాయకులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఈసారి వారికి ఖర్జూరం అందించి, అందరి ఎదుట ఒకే ప్రశ్న వేద్దాం: మా పట్టణంలో సర్వే ఎప్పుడు?