అడ్రినల్ గడ్డకు రోబో ఎందుకు?

హైదరాబాద్‌లో ఆసుపత్రుల హోర్డింగుల మీద డాక్టర్ల ముఖాల పక్కన ఇప్పుడు రోబో చేతులు కూడా కనిపిస్తున్నాయి. రోబో అయితే పొరపాటు జరగదని, నొప్పి ఉండదని, త్వరగా ఇంటికి వచ్చేయొచ్చని జనంలో నమ్మకం స్థిరపడిపోయింది. ప్రోస్టేట్ సంగతి, మోకాలి కీలు సంగతి వేరే చర్చ. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిని తీసే ఆపరేషన్ విషయంలో మాత్రం ఈ నమ్మకానికి ఆధారం చాలా బలహీనం. అప్పు చేసైనా సరే రోబోతోనే చేయిద్దామనుకుంటున్న కుటుంబాలకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

రోబో తనంతట తాను ఏమీ చేయదు. కన్సోల్ ముందు కూర్చున్న సర్జన్ వేళ్లు కదిలిస్తేనే దాని చేతులు కదులుతాయి. చిన్న కోతలు, తక్కువ నొప్పి, త్వరగా కోలుకోవడం అని రోబో పేరుతో చెబుతున్న లాభాలన్నీ చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ల్యాపరోస్కోపీ ఎప్పుడో తెచ్చినవే. మాంట్రియల్‌లో మిషెల్ గాన్యే బృందం అడ్రినల్‌ను ల్యాపరోస్కోపీతో తీసినట్టు 1992లోనే ప్రకటించింది. పొట్ట పెద్దగా కోసే పాత పద్ధతితో రోబోను పోల్చి గొప్ప చెప్పడం రోగిని తప్పుదారి పట్టించడమే. పోల్చాల్సింది ల్యాపరోస్కోపీతో.

అలా పోల్చిన వాళ్లున్నారు. 2004లో ఇటలీలోని ట్యూరిన్ సర్జన్లు 20 మందిని చీటీ వేసినట్టుగా రెండు జట్లు చేశారు. రోబోతో సగటున 169 నిమిషాలు, ల్యాపరోస్కోపీతో 115 నిమిషాలు పట్టింది. రోబో జట్టులోని పది మందిలో నలుగురికి మధ్యలో ల్యాపరోస్కోపీకి మారాల్సి వచ్చింది. అది చిన్న అధ్యయనం, యంత్రం కూడా తొలినాళ్లది. ఆ ఒక్కదాని మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. అందుకే 2014లో తొమ్మిది అధ్యయనాలను, 600 మంది రోగులను కలిపి చేసిన విశ్లేషణ చూద్దాం. ఆపరేషన్ సమయంలోనూ, మధ్యలో పద్ధతి మార్చాల్సి రావడంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రోబోతో రక్తస్రావం తగ్గింది నిజమే, సుమారు 18 మిల్లీలీటర్లు. అంటే నాలుగు టీస్పూన్ల లోపు. ఆసుపత్రిలో ఉండాల్సిన కాలం సగం రోజు కూడా తగ్గలేదు. ఖర్చు సంగతికొస్తే, ఫ్రాన్స్‌లోని నాన్సీ సర్జన్లు 2008లో వేసిన లెక్కలో రోబో ఆపరేషన్ 2.3 రెట్లు ఎక్కువ తేలింది. యంత్రం ధర ఒక్కటే కాదు, దాని పరికరాలను ఇన్నిసార్లే వాడాలన్న లెక్క ఉంటుంది, ఆ తర్వాత కొత్తవి కొనాలి. మన ఆరోగ్య బీమా పాలసీల్లో రోబో సర్జరీకి విడిగా పరిమితి పెట్టినవీ ఉన్నాయి. ఆ పైన పడేదంతా ఇంట్లోవాళ్ల జేబులోంచే.

అసలు గండం ఎక్కడుందో చూడండి. కుడి అడ్రినల్‌ను తీయాలంటే కాలేయాన్ని పైకెత్తి పట్టుకోవాలి. దాని వెనక ఒంట్లోకెల్లా పెద్ద సిర ఉంటుంది. గ్రంథి నుంచి వచ్చే సిర నేరుగా అందులోనే కలుస్తుంది. అది సెంటీమీటరు పొడవుంటే అదృష్టం. ఆ కాస్త జాగాలో క్లిప్పులు వేసి కోయాలి. కొంచెం గట్టిగా లాగితే పెద్ద సిరే చిరుగుతుంది. అప్పుడు కన్సోల్ దగ్గరున్న సర్జన్ లేచి వచ్చి, గ్లవుజులు వేసుకుని, రోబో చేతులను విడదీయించి పొట్ట తెరవాలి. ల్యాపరోస్కోపీలో సర్జన్ అప్పటికే టేబుల్ పక్కన నిలబడి ఉంటాడు.

గడ్డ బీపీ పెంచే హార్మోన్లు తయారుచేసే ఫియోక్రోమోసైటోమా రకం అయితే కత్తి కంటే ముందు మందులే కాపాడాలి. కదిలిస్తే చాలు, దానిలోని హార్మోన్లు రక్తంలోకి ఉరికి బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. సిరకు క్లిప్పు పడగానే అదే బీపీ కిందికి జారిపోతుంది. మత్తు డాక్టరు బీపీ దించే మందు, పెంచే మందు రెండూ సిద్ధంగా పెట్టుకుంటారు. వారం పది రోజుల ముందు నుంచీ ప్రజోసిన్ లాంటి ఆల్ఫా బ్లాకర్ ఇవ్వాలి, ఉప్పు, నీళ్లు బాగా తీసుకోమనాలి. బీటా బ్లాకర్ అవసరమైతే ఆ తర్వాతే, ముందు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. రోగి ప్రాణాన్ని నిలబెట్టే ఈ పనుల్లో ఏ ఒక్కటీ యంత్రం చేసేది కాదు.

ఆపరేషన్ అవసరమా అన్న ప్రశ్న ఇంకా ముందుంది. వేరే జబ్బుకు స్కాన్ తీస్తే బయటపడే అడ్రినల్ గడ్డల్లో చాలావాటిని ముట్టుకోవాల్సిన పనే లేదు. ఆల్డోస్టిరాన్ ఎక్కువై బీపీ లొంగని వాళ్లలో స్కాన్‌లో గడ్డ ఒకవైపు కనిపించినా, హార్మోన్ రెండోవైపు నుంచి వస్తుండొచ్చు. చాలామందిలో రెండు వైపులా సిరల నుంచి రక్తం తీసి పరీక్షిస్తే గానీ తేలదు. తీయకూడని వైపు గ్రంథిని రోబో ఎంత నేర్పుగా తీస్తే మాత్రం ఏం లాభం?

రోబోకు చోటే లేదని నేననను. వంశపారంపర్య జబ్బుల్లో రెండు వైపులా గడ్డలొస్తే, జీవితాంతం స్టెరాయిడ్ల మీద ఆధారపడకుండా గ్రంథిలో కొంత మిగల్చాలి. అక్కడ మణికట్టులా తిరిగే పరికరం ఉపయోగపడొచ్చు. నిలబడి చేసే సర్జన్ల మెడ, నడుం నొప్పులు కూడా నిజమైనవే, కన్సోల్ ముందు కూర్చుంటే వాళ్లకు సుఖం. కానీ ఆ సుఖానికి ఖరీదు రోగి ఎందుకు కట్టాలి? జర్మనీలోని ఎస్సెన్‌లో మార్టిన్ వాల్జ్ రోగిని బోర్లా పడుకోబెట్టి, మామూలు పరికరాలతోనే వీపు వైపు నుంచి చేసిన 560 ఆపరేషన్ల ఫలితాలను 2006లో ప్రచురించారు. రోబో లేదు, అనుభవం ఉంది.

అనుభవం విలువ అమెరికా లెక్కల్లోనూ కనిపిస్తుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఏడాదికి కనీసం ఆరు అడ్రినల్ ఆపరేషన్లు చేసే సర్జన్ల చేతిలో చిక్కులు తగ్గుతాయి. ఆ దేశంలో ఈ ఆపరేషన్ చేసేవాళ్లలో అత్యధికులు ఆ గీతకు దిగువనే ఉన్నారు. కాబట్టి డాక్టరు గదిలో అడగాల్సింది ‘మీ దగ్గర రోబో ఉందా’ అని కాదు. నిరుడు ఎన్ని అడ్రినళ్లు తీశారు, ఎన్నిసార్లు పొట్ట తెరవాల్సి వచ్చింది, హార్మోన్ పరీక్షలన్నీ అయ్యాయా అని అడగాలి. సమాధానం దాటవేస్తే అడ్వాన్సు కట్టకుండా లేచి, స్కాన్ సీడీ పట్టుకుని ఎండోక్రైన్ సర్జరీ విభాగం ఉన్నచోట ఇంకో అభిప్రాయం తీసుకోండి. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో అలాంటి విభాగం ఉంది, అది సర్కారు ఆసుపత్రే.